ఒకచోట ఎమ్, ఇంకోచోట డబుల్ ఎక్సెల్: కుర్తీల సైజుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పాలకొల్లు పిల్ల అడిగారు:

అందరికీ నమస్తే అండి. మాది పాలకొల్లు, ఉద్యోగం భీమవరంలో. పొద్దున్నే రైల్లో నిలబడి వెళ్లాలి కాబట్టి చీరల జోలికి పోను, కుర్తీలే. బాబు పుట్టాక ఒళ్లు మారిపోయి పాతవేవీ పట్టడం లేదు. సరే, కొత్తవి కొనుక్కుందామని ఆన్‌లైన్లో మొదలుపెట్టాను. అక్కడే వచ్చింది తంటా.

ఒక కంపెనీ ఎమ్ నాకు చక్కగా సరిపోయింది. ఇంకో కంపెనీది భయపడి ఎల్ తెప్పిస్తే చంక దగ్గర పట్టేసింది. రైల్లో పైన కమ్మీ పట్టుకోవాలంటే ఎక్కడ చిరుగుతుందో అని టెన్షన్. మూడోచోట ఇక లాభం లేదని డబుల్ ఎక్సెల్ తీసుకున్నాను. ఛాతీ దగ్గర బాగానే ఉంది గానీ భుజాలు కిందకి జారిపోయి చూడ్డానికి అసహ్యంగా ఉంది. మూడింటికీ సైజు చార్టు చూసి, టేపు పెట్టి కొలుచుకునే కొన్నానండి. నా ఛాతీ 38, నడుం 34, సీటు 41.

రిటర్న్ పెట్టొచ్చు, పెడుతూనే ఉన్నాను. కానీ వెనక్కి వెళ్లినవి తగలబెట్టేస్తారని ఒకరు, చెత్తలో పోస్తారని ఒకరు చెబుతుంటే మనసు పీకుతోంది. గడువు దాటిపోయినవి బీరువాలో పేరుకున్నాయి. అన్నీ కొత్తవే, ఎవరికైనా ఇద్దామన్నా వాళ్లకీ పట్టాలి కదా. మా అత్తగారేమో "హాయిగా కుట్టించుకోవే" అంటారు. కుట్టుకూలి అడిగితే కుర్తీ ఖరీదంత చెబుతున్నారు.

సైజులు ఇలా తలా ఒక రకంగా ఎందుకు ఏడుస్తాయి? బీరువాలో ఉన్నవి బాగుచేయించుకోవడం కుదురుతుందా, డబ్బు దండగా? ట్యాగు మీద ఆకు బొమ్మ వేసి పర్యావరణానికి మేలు అని రాసినవి కొంటే నిజంగా ఏమైనా తేడా ఉంటుందా? కాస్త వివరంగా చెప్పగలరు.

తణుకు బాబాయి:

ఆడవాళ్లకి ఒళ్లు మారడానికి ఒక కారణం ఉంటుందండి, మాకు ఏ కారణమూ లేకుండానే మారుతుంది. చొక్కా 42 తీసుకుంటే పొట్ట దగ్గర గుండీ నోరు తెరుస్తుంది, 44 తీసుకుంటే చేతులు వేళ్ల దాకా వస్తాయి. మా నాన్నగారి చొక్కాలన్నీ ఊళ్లో ఒకే టైలరు కుట్టేవాడు, పొట్ట పెరిగినకొద్దీ పక్కలు విప్పి ఇస్తుండేవాడు. నాకూ జవాబు కావాలి, ఇక్కడే కూర్చుంటున్నా.

రాజోలు టైలరమ్మ:

అమ్మాయిగారూ, నేను రాజోలు దగ్గర ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడతానండి. పెళ్లికి ముందు విశాఖ అవతల ఒక ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో లైన్లో కూర్చున్నాను. అందుకని రెండువైపులా కాస్త తెలుసు. పెద్దదే రాస్తున్నాను, బాబు నిద్రపోయాక చదవండి.

ముందు సైజు సంగతి. ఫ్యాక్టరీలో ఒక్కో సైజుకీ ఒక్కో మనిషిని నిలబెట్టి కొలవరు. ఏదో ఒక సైజు, మామూలుగా ఎమ్, ఒక మనిషికి తొడిగి చూసి ప్యాట్రన్, అంటే బట్ట కోసే నమూనా, ఖాయం చేస్తారు. ఆ మనిషి ఎవరన్నది కంపెనీ ఇష్టం. ఒకళ్లు పొడుగ్గా సన్నగా ఉన్న అమ్మాయిని పెట్టుకుంటారు, ఇంకొకళ్లు కాస్త ఒళ్లున్న ఆవిణ్ణి. ఇద్దరి బట్టల మీదా ఎమ్ అనే రాస్తారు. అక్కణ్ణించి ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ అన్నీ లెక్క ప్రకారం పెంచుకుంటూ పోవడమే. దాన్ని గ్రేడింగ్ అంటారు. ఛాతీ రెండంగుళాలు పెంచితే దానితోపాటు భుజం, మెడ, చంక, చేతి పొడుగు తలా కాస్త పెంచుతారు. మనిషి అలా పెరగదు కదండీ. కాన్పు అయ్యాక ఛాతీ పెరుగుతుంది, నడుం పెరుగుతుంది, భుజం ఎముక పెరుగుతుందా? మీ డబుల్ ఎక్సెల్ భుజాలు జారింది అందుకే. మీ భుజం ఇంకా ఎమ్ దగ్గరే ఉంది, ఛాతీ ముందుకెళ్లింది.

ఇంకోటి, చార్టులో వేసే అంకె ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది కొందరు చెప్పనే చెప్పరు. 38 ఒంటికి 38 బట్ట వేస్తే ఊపిరాడదు. సాగని నేత బట్ట అయితే కుర్తీకి రెండు మూడు అంగుళాలు లూజు ఉండాల్సిందే, టీషర్టు రకం సాగే బట్టకి అక్కర్లేదు. పైగా చెకింగులో అర అంగుళం అటూ ఇటూ ఉన్నా పాస్ చేసేస్తారు. ఒక పీసు అర తక్కువ, పక్క పీసు అర ఎక్కువ వచ్చిందనుకోండి, ఒకే కంపెనీ, ఒకే డిజైను, ఒకే ఎమ్, అయినా అంగుళం తేడా. బట్ట పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు కాబట్టి రేయాన్ లాంటి జారుడు బట్ట అడుగు పొరల్లో కదిలిపోవడం కూడా ఉంటుంది. మీరు టేపు పెట్టి కొలుచుకున్నా ఇవన్నీ మీకెలా తెలుస్తాయి.

నన్నడిగితే నంబరు కంటే ముందు చూడాల్సింది వేరే ఉందండి. మీ కుర్తీల్లో ఒకదాన్ని లోపలికి తిప్పి పక్క కుట్టు చూడండి. అసలు కుట్టు దగ్గర్నుంచి, అంచు పీచు లేవకుండా వేసే ఓవర్‌లాక్ దారం దాకా ఎంత బట్ట ఉంది? చాలావాటికి అర అంగుళం కూడా ఉండదు, పందెం. ఇక ఆ కుర్తీ పెరగదు. మీరు రెండు కిలోలు పెరిగితే దాని పని అయిపోయినట్టే, బట్ట ఎంత గట్టిదైనా, రంగు ఎంత నిలిచినా.

మేం కుట్టే జాకెట్టు తీసుకోండి. ఒక్కో అంచుకి అంగుళం లోపల వదులుతాం. రెండు పక్కలా ముందు ముక్కకి, వెనక ముక్కకి కలిపి నాలుగు అంచులు, అంటే నాలుగు అంగుళాలు. కుట్టు పట్టడానికి అంచుకి పావు అంగుళం ఉంచేసినా, 34 జాకెట్టు 37 దాకా వస్తుంది. పక్కన రెండు మూడు కుట్లు వరసగా వేసి ఇస్తాం. లోపలి కుట్టు మీద బిగువుగా ఉంటుంది, అది విప్పుకుంటే తర్వాతి కుట్టు మీదకి వస్తుంది. మళ్లీ మా దగ్గరికి రానక్కర్లేదు, ఇంట్లో బ్లేడు పెట్టి మీరే విప్పుకోవచ్చు. చేతికి కూడా అంతే వదలాలి. కొత్తగా మిషను నేర్చిన పిల్లలు చెయ్యి సంగతి పట్టించుకోరు, ఒళ్లు విప్పితే వదులవుతుంది గానీ చెయ్యి బిగిసి రక్తం ఆడదు. పట్టు బట్టకి ఇంకో తలనొప్పి ఉంది, విప్పిన చోట పాత సూది బొక్కలు గీతలా కనబడతాయి. అందుకని పట్టుకి సన్న సూది వేసి, ముందు విప్పే లోపలి కుట్టు కాస్త పెద్ద టాకాలతో వేస్తాను, విప్పితే అంత మచ్చ పడదు. మా వైపు పెళ్లికూతురి జాకెట్టంటే ఇవన్నీ చూసుకోవాల్సిందే. పెళ్లికి కుట్టింది శ్రీమంతానికి పట్టాలి, బారసాలకీ పట్టాలి.

ఫ్యాక్టరీలో ఎందుకు వదలరని లైన్లో ఉన్న రోజుల్లో నేనూ అడిగాను. సూపర్‌వైజరు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నాకే అర్థమైంది. కుర్తీ పొడుగునా అంగుళం వెడల్పున నాలుగు పట్టీలు, వేల పీసులకి లెక్కేస్తే తాన్లకి తాన్లు. పైగా ఓవర్‌లాక్ మిషనుకి కత్తి ఉంటుంది, అంచు కోసుకుంటూ కుట్టుకుపోతుంది, ఆ వేగమే వాళ్లకి కావాలి. నవ్వొచ్చే సంగతేంటంటే, ప్యాట్రన్ ముక్కల మధ్య సందుల్లో పోయే బట్టే నూటికి పది పదిహేను వంతులు ఉంటుంది. అది కటింగు టేబుల్ కింద పడొచ్చు, మీ కుర్తీ లోపల మాత్రం ఉండకూడదు!

చీరలవాళ్లేం తక్కువ తినలేదు లెండి. చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లని రాస్తారు, కొలిస్తే ఇంకా తగ్గినవి వస్తున్నాయి. 42 ఛాతీ ఉన్న ఆవిడ మోచేతి చెయ్యి కావాలంటే ఆ ముక్కలో ఏం కుట్టను? చంక కింద అతుకులే. ఎవరికి లోపల బట్ట ఎక్కువ కావాలో వాళ్లకే బొత్తిగా దొరకదు. కోరా పట్టుచీరకి మీటరు ముక్క విడిగా కొనుక్కురమ్మంటే మొహం మాడ్చుకుంటారు.

ఇక మీ బీరువా. చంక పట్టేసిన ఎల్‌కి చంక కింద డైమండ్ ఆకారంలో ముక్క వేస్తే చెయ్యి హాయిగా లేస్తుంది. పాతకాలం లాల్చీలకి ఉండేదే, కొత్త విద్యేం కాదు. ముక్కకి బట్ట ఎక్కణ్ణించి తెస్తారంటే, చేతులు మోచేతి దాకా తగ్గించండి, ఆ తీసిన బట్ట చాలు. డబుల్ ఎక్సెల్‌కి పక్కలు ముట్టుకోవద్దు. చాలామంది టైలర్లు లూజు అనగానే పక్కలు లోపలికి కుట్టేస్తారు, భుజం అలాగే జారుతూ ఉంటుంది. చేతులు విప్పించి, భుజం జారినంత మేర లోపలికి కోయించి, చెయ్యి మళ్లీ ఎక్కించాలి. చంకకి నేను 60, భుజాలకి 120 తీసుకుంటున్నాను, టౌన్లో ఇంకాస్త ఉంటుంది. కొత్త కుర్తీ కంటే తక్కువే కదండీ.

పక్కల దగ్గర బిగువైన కాటన్ కుర్తీ ఉంటే ఇంకో దారి చెబుతాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురమే. అక్కడ అల్లే లేసు పట్టీలు మీటర్ల లెక్కన దొరుకుతాయి. రెండు పక్కలా కుట్టు విప్పి, చంక నుంచి కింద దాకా రెండంగుళాల లేసు పట్టీ వేసి, లోపల సన్న లైనింగు పెట్టి ఇచ్చాను ఒక టీచరమ్మకి. స్కూల్లో అందరూ ఎక్కడ కొన్నారని అడిగారట. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకేనని ప్రభుత్వమిచ్చే ముద్ర, కూడా వచ్చింది. మీకు పాలకొల్లు నుంచి నరసాపురం ఎంతండీ, రైలు ఎటూ అక్కణ్ణించే వస్తుంది.

తాడితోట హోల్‌సేల్:

టైలరమ్మ గారు చెప్పింది కరెక్టు. మార్కెట్లో మా వైపు కథ కూడా వినండి. రాజమండ్రిలో మాకు సూరత్, జైపూర్ నుంచి సరుకు సెట్టు లెక్కన వస్తుంది. ఎమ్, ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ తలా ఒకటి, అది ఒక సెట్టు. పల్లెల షాపులవాళ్లు సెట్టే కొనాలి, విడిగా ఇవ్వం. మా షాపు వరకూ ఎల్, ఎక్సెల్ ముందు అయిపోతాయి, ఎమ్ ఉండిపోతుంది. ఉండిపోయినవే ఆషాఢం సేల్‌లో సగం రేటుకి కనబడతాయి. సగానికి వచ్చిందని పట్టకపోయినా కొనేసి, తగ్గాక వేసుకుంటాం అంటారు. ఆ తగ్గడం మేం చూళ్లేదు. సైజుకి తగ్గట్టు సెట్టు మార్చమని కంపెనీవాళ్లని అడిగి అడిగి విసుగొచ్చింది.

రిటర్న్ సంగతి అడిగారు. మన దగ్గర నాకు తెలిసినంతలో కొంత మళ్లీ ఇస్త్రీ చేసి అమ్ముతారు, మరకలు పడ్డవి, లేబుల్ పోయినవి లాట్లుగా తూకానికి వదిలించుకుంటారు. సంతల్లో కుప్పపోసి ‘ఏది తీసుకున్నా 150’ అని అరుస్తారు చూశారా, వాటిలో ఇవీ ఉంటాయి. ఒక కుర్తీ అటూ ఇటూ తిరిగిన డీజిలు ఖర్చు మాత్రం ఎవరూ లెక్కెయ్యరు.

మండపేట నిఫ్ట్ అమ్మాయి:

సైజుల గొడవ మన ఒక్కళ్లదే కాదండి. అమెరికాలో 1939–40లో ప్రభుత్వమే దాదాపు 15 వేల మంది ఆడవాళ్లని, ఒక్కొక్కరికీ 59 చోట్ల టేపు పెట్టి కొలిపించింది. ఆ కొలతల ఆధారంగానే 1958లో అధికారిక సైజులు వచ్చాయి. కంపెనీలు వాటిని పట్టించుకోవడం మానేశాక 1983లో ఆ ప్రమాణాన్ని ఎత్తేశారు. కొనేవాళ్లు చిన్న నంబరు చూసి మురిసిపోతారు కాబట్టి అదే నంబరు పెట్టి లోపల బట్ట పెంచడం అక్కడ మామూలైపోయింది.

మన దేశానికైతే 2018 నాటికి సొంత కొలతల పట్టికే లేదు. అమెరికా, బ్రిటన్ సైజుల్నే అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చారు. అందుకే జౌళి శాఖ, ఫ్యాషన్ చదువుల సంస్థ నిఫ్ట్ కలిసి ‘ఇండియాసైజ్’ అనే కొలతల సర్వేని 2018లో ప్రకటించాయి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లని 25 వేల మందికి పైగా, ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలవాలని పథకం. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి. నా అసంతృప్తి అల్లా, లంకల్లో కొబ్బరి దింపేవాళ్ల భుజాలు, రొయ్యల షెడ్డుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ల కాళ్లు నగరాల స్కానర్ దాకా ఎంతవరకు వెళ్తాయన్నదే.

ఈలోగా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. మన నిబంధనల ప్రకారం బట్టల మీద ఎస్, ఎమ్ లాంటి గుర్తుతోపాటు సెంటీమీటర్లలో కొలత కూడా వెయ్యాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎమ్ వదిలేసి అది చదవండి. మీ 38 అంగుళాలంటే సుమారు 96న్నర సెంటీమీటర్లు.

తగలబెట్టడం గురించి: ఉత్తి పుకారు కాదు. బర్బెరీ కంపెనీ ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల సరుకు నాశనం చేసినట్టు 2018లో తన నివేదికలోనే రాసుకుంది. గోల అయ్యాక ఆ పద్ధతి ఆపేస్తామని అదే ఏడాది ప్రకటించింది. అమ్ముడుపోని బట్టలు, చెప్పులు ధ్వంసం చెయ్యకూడదని యూరప్ యూనియన్ 2024లో చట్టం చేసింది, పెద్ద కంపెనీలకి 2026 జులై 19 నుంచి అమలు.

ఆకు బొమ్మలకి పడిపోకండి. రీసైకిల్డ్ పాలిస్టర్ అని రాసిందంటే పాత బట్టలు కరిగించి నేశారని అనుకుంటాం. అందులో ఎక్కువ భాగం మంచినీళ్ల సీసాల ప్లాస్టిక్కే. కాటన్, పాలిస్టర్ కలిపి నేసిన బట్టని మళ్లీ విడదీసి దారం చెయ్యడం ఇప్పటికీ కష్టమే.

కాకినాడ వదిన:

అందరూ టైలర్లని ఆకాశానికెత్తేస్తున్నారు, ఒక్క మాట నేనూ అంటాను. సంక్రాంతికి ఇస్తానని ఉగాదికి ఇచ్చే టైలర్లున్నారు. మా చెల్లెలి పెళ్లికి ఉప్పాడ జాందానీ మీదకి కుట్టించిన జాకెట్టు మెడ ఇంత లోతున కోసేశాడు ఒకాయన. ఆన్‌లైన్లో అయితే వెనక్కి పంపేదాన్ని, ఆయనకి ఏం పంపను? ఆ బట్ట మళ్లీ దొరకదు కూడా. ఇంకా, లోపల అంగుళాలకి అంగుళాలు బట్ట వదిలితే మన చెమటకి చంకలో గుచ్చుకుని దద్దుర్లు వస్తాయి. రెడీమేడ్‌లో ఆ బాధ లేదు. నేను వేసుకుని చూసి కొనుక్కుంటాను, అంతే.

రాజోలు టైలరమ్మ:

వదినగారూ, ఆలస్యం మాట నిజమేనండి, కాదనను. పండగ పది రోజులుందనగా వీధి వీధంతా బట్ట పట్టుకొస్తుంది, వద్దంటే కోపం, ఒప్పుకుంటే ఇలా. నేనిప్పుడు పుస్తకంలో తేదీ వేసి, ఆ వారం నిండిపోతే వద్దని చెప్పేస్తున్నాను. కొందరు అలిగి వెళ్లారు కూడా. మెడ కోసేసినాయన బట్ట ఖరీదు ఇవ్వాల్సిందే, అడగండి, మొహమాటపడకండి. అందుకే ఖరీదైన బట్ట ఇచ్చేటప్పుడు నోటి కొలతలు కాదు, మీకు బాగా పట్టే ఆది జాకెట్టు ఇవ్వాలి, మెడ లోతు దాని మీద వేలు పెట్టి చూపించాలి.

గుచ్చుకోవడం మాత్రం బట్ట వదిలినందుకు కాదండి. మడతంతా ఒకే పక్కకి తోసి కుట్టినందుకు. కుట్టు తెరిచి రెండు వైపులా ఇస్త్రీ పెట్టి, అంచుకి జిగ్‌జాగ్ వేస్తే పల్చగా పడుకుంటుంది. నైలాన్ దారంతో ఓవర్‌లాక్ చేస్తే గుచ్చుకుంటుంది, ఆ దారం రెడీమేడ్‌లోనూ ఉంటుంది. అయితే ఒకటి ఒప్పుకుంటాను, బాగా మందం బట్టకీ, ఒంటికి అతుక్కునే మోడల్‌కీ అంగుళం మరీ ఎక్కువే, ముప్పావుతో సరిపెట్టుకోవాలి.

తణుకు బాబాయి:

మరి చొక్కా సంగతి ఎవరూ చెప్పలేదు. 44 తీసుకుని చేతులు తగ్గించుకోవచ్చా?

రాజోలు టైలరమ్మ:

తగ్గించుకోవచ్చు బాబాయిగారూ. కఫ్ విప్పి, పైకి కోసి, మళ్లీ వెయ్యాలి, మగవాళ్ల టైలరు దగ్గరే చేయించుకోండి. భుజం కుట్టు మీ భుజం ఎముక మీద ఉంటేనే 44 కొనండి, కిందకి ఉంటే వదిలెయ్యండి. చొక్కాకి భుజం లోపలికి తగ్గించడం ఖరీదైన పని.

పాలకొల్లు పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రాత్రి బీరువా మొత్తం మంచం మీద పోసి లోపలికి తిప్పి చూశాను. టైలరమ్మగారూ, పందెం మీరే గెలిచారు. ఒకే ఒక్కదానికి ముప్పావు అంగుళం ఉంది, అది మా ఊరి షాపులో కొన్న లోకల్ కంపెనీది, పేరు కూడా లేదు! మిగతావాటికి వేలు పట్టేంత లేదు.

ఇంకో రెండు అనుమానాలు. రేయాన్ కుర్తీలు ఆల్టర్ చేయించే ముందు ఉతకాలా? అసలు ఎవరికీ పనికిరాని పాత పాలిస్టర్ కుర్తీలు ఏం చెయ్యను? మా పనమ్మాయి కూడా వద్దంది.

రాజోలు టైలరమ్మ:

తప్పకుండా ఉతికి ఆరేశాకే ఇవ్వండి. రేయాన్ మొదటి ఉతుకులోనే కుదించుకుంటుంది, కుట్టించాక కుదించుకుంటే ఆ డబ్బులు నీళ్లపాలు. తడి మీద రేయాన్‌కి బలం ఉండదు, పిండొద్దు, బండకేసి అసలు బాదొద్దు, నీళ్లు వాడ్చి నీడలో పరిచి ఆరెయ్యండి. కాటన్ కూడా మీటరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గుతుంది, అందుకే లైనింగు బట్ట ముందు రోజు తడిపి ఆరేస్తాం. తడపకుండా కుట్టే టైలరు దగ్గర జాకెట్టు పైన బాగుంటుంది, లోపల లైనింగు లాగి ముడతలు పడుతుంది.

పాలిస్టర్ పాతవైతే మా ఇంట్లో కూడా కుప్ప ఉందండి. మెత్తటి పాత కాటన్ చీరలైతే బొంత కుడతాను, పొరకి పొర వేసి చేతి కుట్టు. పాలిస్టర్‌తో బొంత కుడితే ఒళ్లు ఉడుకుతుంది, ఎవరూ కప్పుకోరు. సంచులు, దిండు గలీబులు, మిషను మీద కప్పే గుడ్డ, అంతవరకు పనికొస్తుంది. బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వస్తే ఇవ్వండి, బేరం ఆడకండి, ఆవిడ దగ్గర్నుంచి అది ఇంకెవరికో చేరుతుంది. మీరు ఏం చేసినా కాలవలో మాత్రం వెయ్యొద్దు. కర్మకాండలకి వదిలిన చీరలే లాకుల తలుపుల దగ్గర చిక్కుకుని కుళ్లకుండా అలా ఉండిపోతాయి.

నాకు కుర్తీలు పార్సిల్ పంపుతానని మెసేజ్‌లో అడిగారు, వద్దండి. ఒంటి మీద వేసి గుండుసూదులు పెట్టకుండా భుజం సరిచెయ్యలేను. మీ పాలకొల్లులోనే చేయించుకోండి. మొదట ఆ చంక పట్టేసిన ఎల్ ఒక్కటే ఇచ్చి చూడండి, పని బాగుంటే మిగతావి. ఇచ్చేటప్పుడు చెయ్యి పైకెత్తి, పక్కకి చాపి చూపించండి, నిలబడి కొలిస్తే చంక ఎప్పుడూ సరిపోయినట్టే ఉంటుంది. తీసిన చేతుల ముక్కలు అడిగి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర వదిలెయ్యకండి, రేపు ఎక్కడైనా చిరిగితే అదే రంగు బట్ట ఇంకెక్కడా దొరకదు.